చిన్న కెరటాలకైనా కయాక్‌లో ఒక్కడే సముద్రం మీదికి వెళ్లొచ్చా?

పటమట_తెడ్డు:
రెండేళ్లుగా ప్రకాశం బ్యారేజీ ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ కయాక్‌లో తిరుగుతున్నా. మొన్న మంగళవారం చీకటితోనే కారు మీద పడవ కట్టుకుని సూర్యలంక వెళ్లా. ఒడ్డున పురుగు లేదు. మోకాలెత్తు కెరటాలు, మధ్యమధ్యలో నడుమెత్తువి. కెరటం వెనకనుంచి పడవ తోకని ఎత్తుతుంది చూడండి, అప్పుడు నాలుగు తెడ్లు గట్టిగా వేస్తే చాలు, ఇక నీళ్లే మోసుకెళ్తాయి. ఆ సుఖం కృష్ణలో లేదు. ఒకసారి పడవ అడ్డం తిరిగి బోల్తా పడ్డా. నడుంలోతే, లేచి మళ్లీ ఎక్కేశా. లైఫ్ జాకెట్ ఉంది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఈమాత్రం కెరటాలకి తోడెందుకండీ?

గుంటూరు_గోంగూర:
వెళ్లండి గురూగారూ. సినిమాకైతే పదిమంది వస్తారు, తెల్లారుజామున మూడింటికి లేవమంటే ఒక్కడు రాడు. తోడు కోసం చూస్తే పడవకి బూజు పడుతుంది.

బాపట్ల_కుర్రాడు:
అన్నా, ఆ పూట నీళ్లు అద్దంలా ఉన్నాయా?

పటమట_తెడ్డు:
అవును తమ్ముడూ, కెరటం విరిగేచోట తప్ప ముడత లేదు. అందుకేగా ఆ టైం ఎంచుకుంది.

బాపట్ల_కుర్రాడు:
చిక్కంతా అక్కడే. రాత్రి నేల చల్లబడితే తెల్లారగట్ల గాలి ఒడ్డు మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. మనకది పడమటి గాలి. నీళ్లని నునుపుగా ఉంచేదీ అదే, తెడ్డు జారిపోయినవాణ్ణి లోపలికి తోసేదీ అదే. ఎండెక్కాక గాలి తిరుగుతుంది. అప్పుడు నీళ్లు గరుగ్గా, చూడ్డానికి భయంగా ఉంటాయి గానీ నిన్ను ఒడ్డుకే తోస్తాయి. ఎండాకాలం గాడ్పు కొట్టే రోజుల్లో అదీ నమ్మలేం, పొద్దెక్కినా పడమటి గాలే. ఖాళీ పడవ ఆ గాలికి పోతుంటే మనిషి ఈది అందుకోలేడు. మా ఇంట్లో అందరూ వేటకెళ్లినవాళ్లే, ఒక్కడే వెళ్లడం నేను చూళ్లేదు.

మంగళగిరి_అక్క:
బ్యారేజీ ఎగువ నీళ్లు చెరువుతో సమానం, ఆ అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. పడవ అడ్డం తిరిగినప్పుడు భయంతో ఒడ్డువైపు వాలతాం, బోల్తా పడేది అందుకే. కెరటంవైపే వాలి తెడ్డుని దాని మీద ఆనించాలి. పడ్డాక పడవకీ ఒడ్డుకీ మధ్యలో మాత్రం నిలబడకూడదు. పడవలో 200 లీటర్ల నీళ్లు చేరితే 200 కిలోలు, తర్వాతి కెరటం దాన్ని తెచ్చి మీ మోకాళ్లకి కొడుతుంది. సముద్రంవైపు ఉండాలి. "లేచి ఎక్కేశా" అన్నారే, ఏ వైపు లేచారు?

పటమట_తెడ్డు:
...ఒడ్డువైపే అనుకుంటానండి.

గుంటూరు_గోంగూర:
ఇవన్నీ నేర్చుకుని వెళ్లమనడానికి పనికొస్తాయి, ఒక్కడే వెళ్లొద్దనడానికి కాదు. కెరటాల్లో పక్కన ఇంకో పడవ ఉంటే అదే వచ్చి నెత్తిన పడొచ్చు. పోనీ ఆదివారం జనంలో దిగితే మన పడవ ఏ పిల్లాడికో తగులుతుంది. జనం లేనప్పుడు వెళ్లాలంటే ఒంటరిగా వెళ్లడమే గతి.

బాపట్ల_కుర్రాడు:
పిల్లల మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ ఇంకోటుంది. అన్న పడవ ఎక్కడ దింపి ఉంటాడంటే, రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో విరగని సందు ఉంటుంది, అక్కడే. అది లోపలికి లాగే నీటి దారి. పడవలో ఉన్నంతసేపూ సుఖంగా తీసుకెళ్తుంది. పడవ వదిలి ఈదాల్సొస్తే అదే ఒడ్డుకి దూరంగా లాక్కెళ్తుంది. ఎదురీదకు అన్నా, ఒడ్డు వెంబడి పక్కకి ఈదు.

మంగళగిరి_అక్క:
తోడంటే రెండో పడవే కానక్కర్లేదు. ఎన్నింటికల్లా తిరిగి రావాలో తెలిసి, రాకపోతే కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేసే మనిషి ఒడ్డున కూర్చుంటే చాలు. ఈత రాకపోయినా ఫర్లేదు. అసలు రాకపోతేనే నయం, కాపాడతానని నీళ్లలోకి దూకరు. ముందురోజు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల కెరటాల అంచనా కూడా చూసుకోండి.

గుంటూరు_గోంగూర:
ఒడ్డున మనిషి ఉంటే అది ఒంటరి ఎలా అవుతుందక్కా? ప్రశ్నే మార్చేశారు. నేను మాత్రం నా మాట మీదే ఉన్నా.

పటమట_తెడ్డు:
ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించా. శనివారం కుర్చీ, ఫ్లాస్కు పట్టుకుని తనే వస్తానంది. ఒక షరతు పెట్టింది. ముందు కృష్ణలో తన కళ్లెదుట పదిసార్లు బోల్తా పడి, పదిసార్లూ సరైన వైపు లేవాలట.

బాపట్ల_కుర్రాడు:
శనివారం పడమటి గాలుంటే పడవ కారు మీదనుంచి దింపకు అన్నా. వదినతో టీ తాగి వెళ్లిపో.