పాత ఎడిషన్ ఉన్నవాళ్లు మళ్లీ పూర్తి ధర పెట్టడం దండగా?

అందరికీ నమస్కారం. విడుదలైన రోజే పూర్తి ధర పెట్టి ఒక ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి కథ నడిపే) గేమ్ కొన్నాను. ఇప్పుడు అదే గేమ్‌కి అదనపు కథ, కొత్త పాత్రలు కలిపి ఇంకో ఎడిషన్ తెస్తున్నారు. పాతది ఉన్నవాళ్లకి తగ్గింపు లేదు, కొత్త భాగం విడిగా అమ్మరు. ముందే నమ్మి కొన్నవాళ్లకి ఇది అన్యాయం కాదా అండీ?

అందరూ ఇలా చేయరు. ‘ది విచర్ 3’ పాత కొనుగోలుదారులకి 2022 డిసెంబరు అప్‌డేట్ ఉచితంగా వచ్చింది. ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ డైరెక్టర్స్ కట్‌కి (అదనపు కథ కలిపిన ఎడిషన్) 2021లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో పాత గేమ్ ఉన్నవాళ్లు 20 డాలర్లు కడితే సరిపోయింది. ‘పర్సోనా 5’కి కథ పెంచి తెచ్చిన ‘పర్సోనా 5 రాయల్’కి మాత్రం ఆ దారి లేదు. పాత గేమ్ ఆడి దాచుకున్న సేవ్ ఫైల్ ఉంటే కొన్ని బోనస్‌లు ఇచ్చారు, అంతే.

‘రాయల్’ ఆడినవాళ్లని ప్రత్యేకంగా అడుగుతున్నా. అందులో కలిపిన కొత్త సెమిస్టర్ (స్కూల్ టర్మ్) కథ చివర్లో కదా వచ్చేది, దానికోసం కథంతా మొదటినుంచీ మళ్లీ ఆడారా? ఆడితే, పెట్టిన డబ్బుకీ సమయానికీ తగ్గట్టు అనిపించిందా? ఇలాంటి ఎడిషన్లకి మంచి సేల్ రావాలంటే మామూలుగా ఎన్నాళ్లు ఆగాలి? కస్టమర్ కేర్‌కి రాసి తగ్గింపు సాధించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏమని రాశారో చెప్పండి ప్లీజ్.