గ్యాస్ స్టేషన్ ఏటీఎంలో రుసుము, భద్రతా అమరికలు: సలహా కావాలి

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. డాలస్ శివారులో మా కుటుంబం గత నెలలో ఒక గ్యాస్ స్టేషన్‌ను కొన్నది. దానితోపాటు పాత యజమాని సొంతంగా నడుపుకున్న ఏటీఎం కూడా మాకు వచ్చింది. ఇండియాలో ఉచిత లావాదేవీలు దాటాక ఛార్జీ వేసేది కార్డు ఇచ్చిన బ్యాంకే గనుక, ఇక్కడ రుసుమును యంత్రం యజమానే నిర్ణయిస్తాడన్నది నాకు కొత్త. ఇప్పుడున్న రెండున్నర డాలర్లను మూడున్నర చేయదలిస్తే యంత్రంలో మారిస్తే చాలునా? భద్రత కోసం ముందుగా దేనిని మార్చాలి? మా చేతికి వచ్చినవల్లా తాళంచెవులు, కాగితం మీద రాసిన ఒక పాస్‌వర్డు మాత్రమే.

జవాబు 1 (హ్యూస్టన్ నుంచి)

రుసుము సంగతి తరువాత చూసుకోవచ్చు, ఆ పాస్‌వర్డును ఈ రోజే మార్చండి. 2006లో వర్జీనియా బీచ్‌లోని ఒక గ్యాస్ స్టేషన్‌లో, తయారీదారు మాన్యువల్‌లో అచ్చయిన పాస్‌వర్డునే ఎవరూ మార్చకుండా ఉంచడం వల్ల, ఒక వ్యక్తి మెనూలోకి వెళ్లి, పెట్టెలో ఉన్నవి 20 డాలర్ల నోట్లు కావు, 5 డాలర్లవి అని యంత్రాన్ని నమ్మించాడు. ఎక్కువ డబ్బు వస్తోందని ఒక కస్టమర్ చెప్పేదాకా, అంటే తొమ్మిది రోజులపాటు, అది ఎవరి కంటా పడలేదు. ఆపరేటర్ పాస్‌వర్డుతోపాటు సర్వీసు, మాస్టర్ పాస్‌వర్డులను కూడా మార్చి, నోటు విలువ ఎంత అని ఉందో స్వయంగా చూసుకోండి. ఖజానా తాళం కోడ్ పాత యజమానికి తెలుసు కాబట్టి దానినీ, ఒకే రకం చెవి చాలా యంత్రాలకు పట్టే పై తలుపు తాళాన్నీ మార్చించాలి.

జవాబు 2 (అట్లాంటా నుంచి)

పై మాటలన్నీ నిజమే గాని, అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ప్రాసెసర్‌తో, అంటే మీ ఏటీఎంను బ్యాంకులతో కలిపి లావాదేవీలు నడిపే కంపెనీతో, ఒప్పందం ఇప్పుడు ఎవరి పేరున ఉంది? కస్టమర్ తీసుకున్న సొమ్మూ, దాని మీది రుసుమూ కలిపి ప్రాసెసర్ తన దగ్గర నమోదైన బ్యాంకు ఖాతాకే పంపుతుంది కాబట్టి, ఆ ఖాతా మారకముందే మీరు నోట్లు నింపితే మీ డబ్బు పాత యజమాని ఖాతాలో పడుతుంది. దయచేసి అంతవరకు ఒక్క నోటు కూడా పెట్టకండి.

ఖాతా మార్పిడి సమయంలో కొత్త మాస్టర్ కీ కూడా అడగండి. ఇది తాళంచెవి కాదు, కస్టమర్ల పిన్ నంబర్లను కాపాడేందుకు యంత్రంలో ఎక్కించే రహస్య సంకేతం. అది రెండు భాగాలుగా వస్తుంది. ఒకరికి తెలిసిన భాగం మరొకరికి తెలియకుండా ఇద్దరు మనుషులు విడివిడిగా ఎక్కించడంలోనే దాని రక్షణ అంతా ఉంది. రెండు కాగితాలనూ ఒకే సొరుగులో పెట్టుకునేవారిని చూసి నాకు నిజంగా బాధ కలుగుతుంది.

జవాబు 3 (ఆస్టిన్ నుంచి)

రుసుము మార్పును ముందు ప్రాసెసర్‌కు తెలిపి, ఆ మొత్తాన్నే యంత్రంలోనూ పెట్టండి. ‘రెగ్యులేషన్ E’ అనే ఫెడరల్ నియమం ప్రకారం, ఎంత వసూలు చేస్తారో కస్టమర్ ఒప్పుకోకముందే తెరమీదనో కాగితం మీదనో చూపాలి. యంత్రానికి స్టిక్కర్ కూడా అంటించాలన్న షరతును 2012 డిసెంబరులో తొలగించారు, అయినా దుకాణం తలుపు దగ్గర రుసుము రాసి పెట్టడం మర్యాద అని నా అభిప్రాయం. మూడున్నర మాత్రం వద్దండి. 20 డాలర్ల కోసం వచ్చినవారికి అది పదిహేడున్నర శాతం అవుతుంది, వారిలో చాలామంది రోజుకూలీ మీద బతికేవారే.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. ప్రాసెసర్‌కు ఫోన్ చేశాను. ఖాతా ఇంకా పాత యజమాని పేరునే ఉంది. అది మారేదాకా యంత్రాన్ని ఆపివేశాను. రుసుము రెండున్నర దగ్గరే ఉంచుతాను.