ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ముంబయి ఫైనల్‌లో మాత్రమే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది, ఏ సెట్టింగ్ తగ్గించాలి?

టెయిల్‌విండ్_బెజవాడ:

అందరికీ నమస్తే. రెండు వారాలుగా ఒకటే సమస్యతో కొట్టుకుంటున్నాను, ఎవరికైనా ఇలాగే అయి ఉంటే చెప్పండి. నాది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, విమానం ఫ్లైబైవైర్ వాళ్ల ఉచిత ఏ320 నియో. ల్యాప్‌టాప్‌లో ఐ7 12700హెచ్ ప్రాసెసర్, 6 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060, ర్యామ్ 16 జీబీ, స్క్రీన్ 1080పీ, 144 హెర్ట్జ్. ఇంట్లో ఫైబర్ నెట్, 40 ఎంబీపీఎస్ వస్తుంది.

శంషాబాద్ నుంచి ముంబయి దాదాపు రోజూ వెళ్తాను. 34 వేల అడుగుల మీద సెకనుకు 60 ఫ్రేమ్స్ (బొమ్మలు) దాకా వస్తాయి, ఏ ఇబ్బందీ లేదు. రన్‌వే 27కి ఫైనల్‌లోకి, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దశలోకి తిరిగి ఘాట్‌కోపర్ మీదికి వచ్చేసరికి మొదలవుతుంది. 20కి పడిపోతుంది. నిలకడగా 20 ఉన్నా సర్దుకునేవాణ్ణి, కానీ అర సెకను బొమ్మ ఆగిపోయి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఫ్లేర్ చేయాల్సిన, అంటే నేల తాకే ముందు ముక్కు కొంచెం పైకెత్తాల్సిన క్షణంలో అలా ఆగితే స్టిక్ ఎంత లాగానో నాకే తెలియదు. నిన్న నిమిషానికి 700 అడుగుల వేగంతో నేలకు కొట్టాను.

ఇప్పటికి మేఘాలు లో, నీడలు లో, యాంబియెంట్ అక్లూజన్ (మూలల్లో పడే మెత్తని నీడలు) ఆఫ్, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) పర్ఫార్మెన్స్ పెట్టి చూశాను. బొమ్మ మసకబారింది, డిస్‌ప్లేల మీద అంకెలు అలికినట్టు కనిపిస్తున్నాయి, ముంబయిలో ఫ్రేమ్స్ మాత్రం ఒక్కటి కూడా పెరగలేదు. టెర్రైన్ లెవల్ ఆఫ్ డీటెయిల్ 200లో ఉంది, తగ్గిస్తే దూరంగా ఉన్న ఇళ్లు మాయమవుతాయని దాన్ని ముట్టుకోలేదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 25 శాతం దాటడం లేదు కాబట్టి ప్రాసెసర్ తప్పు కాదనుకుంటున్నాను. గ్రాఫిక్స్ కార్డే చాలడం లేదా? ఇంటర్ అయ్యాక పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లాలని ఉంది, అందుకే ల్యాండింగ్ సరిగ్గా సాధన చేయాలని పట్టుదల. కొత్త ల్యాప్‌టాప్ కొనమని ఇంట్లో అడిగే పరిస్థితి లేదు.

క్రాస్‌విండ్_వైజాగ్:

తమ్ముడూ, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మేఘాలు, నీడలు, రిజల్యూషన్ ఇన్ని తగ్గించినా ఒక్క ఫ్రేమ్ పెరగలేదన్నావు. అవన్నీ గ్రాఫిక్స్ కార్డు చేసే పనులు. ఆ పని తగ్గించినా లాభం లేదంటే ఆలస్యం అక్కడ జరగడం లేదన్నమాట.

టాస్క్ మేనేజర్ 25 శాతం చూసి మోసపోకు, నేనూ మొదట్లో అలాగే మోసపోయాను. నీ ప్రాసెసర్‌లో మొత్తం 20 థ్రెడ్లు, అంటే ఒకేసారి పని నడిపే దారులు ఉన్నాయి. ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పని చేస్తున్నా మొత్తం లెక్కలో అది 5 శాతమే. సిమ్యులేటర్‌లో విమానం, ఎయిర్‌పోర్ట్, చుట్టూ ట్రాఫిక్, నేల మీద ఏది ఎప్పుడు తేవాలన్న లెక్క, వీటిలో చాలా భాగం మెయిన్ థ్రెడ్ అనే ఒక్కదాని మీదుగానే వెళ్తుంది. పెళ్లిలో వంటవాళ్లు ఇరవై మంది ఉన్నా వడ్డించేవాడు ఒక్కడే అయితే పంక్తి మొత్తం వాడి కోసమే కూర్చుంటుంది కదా, ఇదీ అంతే.

ఊహలతో స్లైడర్లు కదపొద్దు, ముందు కొలువు. ఆప్షన్స్‌లో జనరల్‌కి వెళ్లి డెవలపర్స్ కింద డెవలపర్ మోడ్ ఆన్ చెయ్యి. పైన ఒక మెనూ వస్తుంది, అందులో డీబగ్ కింద డిస్‌ప్లే ఎఫ్‌పీఎస్ నొక్కు. మూలన చిన్న పెట్టె వస్తుంది. అందులో లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్ అనో, లిమిటెడ్ బై జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అనో రాసి ఉంటుంది, పక్కనే ఒక్కో ఫ్రేముకు పట్టే మిల్లీసెకన్లు ఉంటాయి. శంషాబాద్ గేటు దగ్గర, పైన క్రూజ్‌లో (ఒకే ఎత్తులో సాగేటప్పుడు), ముంబయి రన్‌వేకి 5 మైళ్ల దూరంలో, మూడు చోట్ల అంకెలు రాసుకుని ఇక్కడ పెట్టు. అప్పటిదాకా ఇంకేమీ మార్చకు.

టెయిల్‌విండ్_బెజవాడ:

అన్నా, థాంక్స్. రాసుకున్నాను. శంషాబాద్ గేటులో మెయిన్‌థ్రెడ్ 31 మిల్లీసెకన్లు, జీపీయూ 12. క్రూజ్‌లో మెయిన్‌థ్రెడ్ 16, జీపీయూ 14. ముంబయి ఫైనల్‌లో మెయిన్‌థ్రెడ్ 46 నుంచి 50 మధ్య ఊగుతోంది, జీపీయూ మాత్రం 13 దగ్గరే ఉంది. మూడు చోట్లా లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్ అనే వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుందని ఇన్నాళ్లూ తెలియనే లేదు.

క్రాస్‌విండ్_వైజాగ్:

చూశావా. సెకనుకు వెయ్యి మిల్లీసెకన్లు, ఫ్రేముకు 48 పడితే 20, 21 ఫ్రేమ్స్ కంటే ఎక్కువ రావు. నీకు కనబడ్డ లెక్క అదే.

మొదటిది, నువ్వు ముట్టుకోనన్న టెర్రైన్ స్లైడరే. 200 నుంచి 100కి దించు. అది ఎంత దూరం వరకు వివరంగా చూపించాలన్న లెక్క. దూరం రెట్టింపైతే నేల వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది, అందుకే 100కి 200కి తేడా మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువ. ముంబయి లాంటి ఇరుకు నగరం మీద ఆ నాలుగు రెట్ల వైశాల్యంలో ఎన్ని ఇళ్లు ఉంటాయో ఆలోచించు. పొలాల మధ్య ఉన్న గన్నవరంలో దిగేటప్పుడు నీకు ఇదే సమస్య ఇంతగా రాకపోవడానికి కారణం కూడా ఇదే. దూరపు ఇళ్లు కొంచెం ఆలస్యంగా కనిపిస్తాయి, నిజమే, కానీ ఫైనల్‌లో నీ కళ్లు రన్‌వే మీద, పాపీ లైట్ల మీద (సరైన ఎత్తులో దిగుతున్నామో లేదో చెప్పే రన్‌వే పక్క లైట్లు) ఉండాలి. పైన క్రూజ్‌లో కిటికీలోంచి చూడాలనిపిస్తే 200 పెట్టుకుని దిగడం మొదలుపెట్టే ముందు 100కి తెచ్చుకో, రీస్టార్ట్ అక్కర్లేదు. ఆబ్జెక్ట్స్ లెవల్ (ఇళ్లు, వస్తువుల వివరం) కూడా 100 చాలు.

రెండోది ట్రాఫిక్. లైవ్ ట్రాఫిక్ ఆన్‌లో ఉంటే ముంబయిలో రద్దీ వేళ బోలెడన్ని విమానాలు వస్తాయి, ప్రతి ఒక్కటీ మెయిన్‌థ్రెడ్ మీద భారమే. ఒకసారి పూర్తిగా ఆపేసి దిగి చూడు, ఎన్ని మిల్లీసెకన్లు తగ్గాయో తెలుస్తుంది, తర్వాత ఉంచాలా వద్దా నువ్వే తేల్చుకో. ఎయిర్‌పోర్ట్ వాహనాలు, పనివాళ్లు, రోడ్డు వాహనాలు మాత్రం 10, 20 కంటే ఎక్కువ ఎవరికీ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఏ320లో ఆరు తెరలున్నాయి కాబట్టి గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ మీడియం పెట్టు.

ఇప్పుడు అసలు సంతోషం. కార్డు ఖాళీగా ఉంది కదా, మేఘాలు హై చేసెయ్యి. డీఎల్‌ఎస్‌ఎస్ తీసేసి టీఏఏకి (అంచులు నున్నగా చేసే మామూలు పద్ధతి) వచ్చెయ్యి, 1080పీ దగ్గర అదే శుభ్రంగా ఉంటుంది, అంకెలు అలికినట్టు కనిపించడం కూడా పోతుంది. జీపీయూ 13 నుంచి 20కి పెరిగినా మెయిన్‌థ్రెడ్ కంటే కిందే ఉంటే ఒక్క ఫ్రేమ్ కూడా తగ్గదు. బొమ్మ పాడుచేసుకుని ఇన్నాళ్లు ఊరికే బాధపడ్డావు.

ఫ్లాప్స్_ఫుల్:

పైన చెప్పినవన్నీ చేసి, ఆ తర్వాత ఫ్రేమ్స్‌కి తాళం వెయ్యి, అంటే ఒక అంకె దాటకుండా ఆపు. చాలామంది వదిలేసేది ఇదే, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ తేడా ఇందులోనే కనిపించింది. కళ్లకు ఇబ్బంది తక్కువ ఫ్రేమ్స్ వల్ల కంటే వాటి మధ్య ఎడం మారుతుండటం వల్ల వస్తుంది. 60 నుంచి 35కి, మళ్లీ 50కి ఊగుతుంటే చెయ్యి స్టిక్ మీద అలవాటు పడదు. ఎప్పుడూ ఒకేలా 36 వస్తే విమానం చేతికి లోబడి ఉన్నట్టు అనిపిస్తుంది.

36 ఎందుకంటే నీ స్క్రీన్ 144 హెర్ట్జ్, సరిగ్గా నాలుగో వంతు. ఒక్కో ఫ్రేమ్ నాలుగు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది, ఎక్కడా ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అవ్వదు. 60 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్నవాళ్లకు 30, 120 ఉన్నవాళ్లకు 40. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్, ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో ఈ సిమ్యులేటర్‌ని ఎంచుకుని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 36 ఇవ్వు. అయితే ఒక షరతు, నువ్వు దిగే అత్యంత బరువైన చోట మెయిన్‌థ్రెడ్ 27 మిల్లీసెకన్ల లోపే ఉండాలి, లేకపోతే తాళం వేసినా కింద నుంచి జారిపోతుంది.

ఎండాకాలం_పైలట్:

రామగుండం నుంచి రాస్తున్నాను, మా వేడి సంగతి మీకు తెలుసు. సెట్టింగ్స్ గురించి అన్నలు చెప్పేశారు, నేను ఒక్క వేడి గురించి చెప్తాను. ల్యాప్‌టాప్‌లో చాలావరకు ప్రాసెసర్‌కి, గ్రాఫిక్స్ కార్డుకి కలిపి వేడిని బయటికి పంపే ఉమ్మడి రాగి గొట్టాలే ఉంటాయి. క్రూజ్‌లో అంతసేపు 60 ఫ్రేమ్స్‌తో పరిగెత్తించి మెషీన్‌ని వేడెక్కించి, సరిగ్గా ల్యాండింగ్ టైమ్‌లో దానికి ఎక్కువ పని చెప్తున్నాం. అప్పటికే 95 డిగ్రీలకు చేరిన ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించేసుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం ఆడితే దిగేటప్పుడు జర్కులు, అదే ఫ్లైట్ తెల్లవారుజామున 5కి ఆడితే ఏమీ ఉండేది కాదు. నెల రోజులు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నాను, చివరికి కారణం గది వేడి. అందుకే 36 తాళం నాకూ చాలా నచ్చింది, అది మెషీన్‌ని చల్లగా కూడా ఉంచుతుంది. వెనక వైపు రెండు పుస్తకాల ఎత్తు లేపి పెట్టు, పరుపు మీద అస్సలు పెట్టొద్దు, ఛార్జర్ తగిలించే ఆడు, ఏడాది దాటితే ఫ్యాన్లలో దుమ్ము తీయించు.

ఇంకొకటి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీకి వెళ్లి స్లాట్స్ యూజ్డ్ ఎంత ఉందో చూడు. 2లో 1 అని ఉంటే నీ 16 జీబీ మొత్తం ఒకే కర్రగా ఉన్నట్టు, డ్యుయల్ ఛానెల్ (రెండు కర్రల నుంచి ఒకేసారి డేటా రావడం) రాదు. నాకు అమ్మిన షాపులో ఆ మాట చెప్పలేదు. రెండో కర్ర వేయించాక జర్కులు బాగా తగ్గాయి.

గ్లైడ్‌స్లోప్_డాలస్:

నేను డెస్క్‌టాప్ మీద ఎక్స్‌ప్లేన్ 12 అనే ఇంకో సిమ్యులేటర్ కూడా ఆడతాను, కాబట్టి అది ఆడేవాళ్ల కోసం ఒక మాట. అందులో ఫ్రేమ్స్ 20 కంటే తగ్గితే సిమ్యులేటర్ లోపలి గడియారమే నిదానిస్తుంది, అంటే నీ పది నిమిషాల అప్రోచ్ బయట పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆన్‌లైన్‌లో కంట్రోలర్‌తో ఎగిరేటప్పుడు ఇది పెద్ద ఇబ్బంది, మిగతా విమానాలు ముందుకు పోతాయి, మనం వెనకబడతాం. అక్కడ ముందు తగ్గించాల్సింది వరల్డ్ ఆబ్జెక్ట్స్.

తమ్ముడికి మాత్రం రెండు విషయాలు. నీ కార్డుకి 6 జీబీయే ఉంది కాబట్టి టెక్స్చర్ రిజల్యూషన్ (వస్తువుల మీద అంటించే బొమ్మల స్పష్టత) అల్ట్రాలో ఉంటే హై చెయ్యి, డైరెక్ట్‌ఎక్స్ (ఆటకి, గ్రాఫిక్స్ కార్డుకి మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్) 12లో ఉంటే 11కి వచ్చి కూడా ఒకసారి చూడు. ఆ 6 జీబీ నిండితే మెయిన్‌థ్రెడ్ తక్కువున్నా అర సెకను ఆగడం వస్తుంది, నువ్వు చెప్పిన ఆ దూకుడు అదే కావచ్చు. రెండోది నెట్. డేటా పేజీలో, నెట్ నుంచి నేల బొమ్మలు తెచ్చే బింగ్ డేటా వరల్డ్ గ్రాఫిక్స్ ఒక్క ఫ్లైట్‌కి ఆఫ్ చేసి దిగు. అప్పుడు ఆగడం పోతే తప్పు నెట్‌ది, పోకపోతే మెషీన్‌లోనే. ఎప్పుడైనా డెస్క్‌టాప్ కట్టుకునే రోజు వస్తే డబ్బు ముందు ప్రాసెసర్ మీద పెట్టు. ఏఎండీ వాళ్ల 7800ఎక్స్3డీ ప్రాసెసర్‌కి 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంది, సిమ్యులేటర్ వాళ్లు దాని వెంట పడేది ఆ క్యాష్ కోసమే.

టెయిల్‌విండ్_బెజవాడ:

అన్నలందరికీ, నాలుగు రోజులు ఒక్కొక్కటి మార్చి కొలిచాను, ఒకేసారి అన్నీ మార్చలేదు. అన్నీ ముంబయి ఫైనల్ అంకెలే. టెర్రైన్ 200 నుంచి 100 చేస్తే మెయిన్‌థ్రెడ్ 48 నుంచి 35కి వచ్చింది. లైవ్ ట్రాఫిక్ ఆపితే 29. వాహనాలు, పనివాళ్లు 10కి, గ్లాస్ కాక్‌పిట్ మీడియం చేస్తే 26. మేఘాలు హై, టీఏఏ పెట్టాక జీపీయూ 19కి పెరిగింది, మెయిన్‌థ్రెడ్ కదల్లేదు. అంకెలు మళ్లీ స్పష్టంగా కనిపిస్తుంటే చాలా హాయిగా ఉంది. స్లాట్స్ 2లో 2 ఉన్నాయి, కాబట్టి ర్యామ్ సరే. టెక్స్చర్ అల్ట్రాలోనే ఉంది, హై చేశాక ఆ అర సెకను ఆగడం పూర్తిగా పోయింది. 36 తాళం వేశాను. నిన్న రాత్రి రన్‌వే 27 మీద నిమిషానికి 180 అడుగులతో దిగాను, రెండు వారాల్లో మొదటిసారి ఫ్లేర్ నా చేతిలో ఉంది.

ఒక్కటి మిగిలింది. టాక్సీలో, అంటే విమానం నేల మీద నడిచేటప్పుడు, కెమెరా గబుక్కున పక్కకి తిప్పితే ఒక కుదుపు వస్తోంది, పక్కనున్న బిల్డింగులు అప్పుడే పుట్టుకొస్తున్నట్టు.

క్రాస్‌విండ్_వైజాగ్:

దానికి వేరే సెట్టింగ్ ఉంది. గ్రాఫిక్స్ పేజీలో ఆఫ్ స్క్రీన్ టెర్రైన్ ప్రీ క్యాషింగ్ అని ఉంటుంది, అల్ట్రా చెయ్యి. నువ్వు చూడని వైపు నేలని కూడా ముందే సిద్ధంగా ఉంచుతుంది. కొంచెం మెమరీ తింటుంది కాబట్టి మార్చాక మళ్లీ ముంబయిలోనే కొలువు.

టెయిల్‌విండ్_బెజవాడ:

పెట్టాను అన్నా. కుదుపు పోయింది, ఫైనల్‌లో మెయిన్‌థ్రెడ్ 27 దగ్గర నిలబడింది, తాళం జారలేదు.