మొదటి కథ రాసినా, యాసలో ఉంటే పత్రికలోళ్లు తీసుకుంటారా?

చంద్రగిరి చిన్నోడు:
అన్నలూ, అక్కలూ, మా జేజి (నాయనమ్మ) సెనిక్కాయలు పెరకను కూలికి పొయ్యే రోజుల మీద కథ రాసినా. చేతిరాతలో 14 పేజీలు. ముగింపు కుదరడంలే. ఎన్ని పేజీలుండాల? యాస పనికొస్తుందా? కలంపేరు పెట్టుకోవాల్నా?

పీలేరు బస్సు:
హామీపత్రం మరిచిపోవద్దు తమ్ముడూ. సొంత కథ, అనువాదం కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని రాసివ్వాల. నేను ఒకే కథ రెండు పత్రికలకు పంపినా. రెండిట్లోనూ వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ నా కథ ముట్టుకోలేదు. తప్పు నాదే.

తిరుపతి మాష్టారు:
30 ఏళ్లుగా రాస్తున్నాను, పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. యాస సంభాషణల్లోనే ఉండాలి బాబూ. 'సెనిక్కాయ' అంటే శ్రీకాకుళం పాఠకుడికి ఏం తెలుస్తుంది? వేరుశనగ అని రాయి.

గానుగపెనం:
సార్, వాళ్ల జేజి జన్మలో వేరుశనగ అనుంటుందా? నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన 'మిట్టూరోడి కథలు' కథనంతో సహా మన యాసే కదా. గోదావరోళ్ల 'పుంత' అంటే బండిదోవని మనకు ఎవురు చెప్పినారు? చదవతా చదవతా తెలుసుకున్నాం.

ఆదోని వాసి:
మా పక్క సెనిక్కాయల్ని బుడ్డలంటాం.

తిరుపతి మాష్టారు:
నామినికి చెల్లింది. కొత్తవాళ్లు ముందు వాక్యం నేర్చుకోవాలి. దామలచెరువులో ఉండి రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన వాక్యం చూడండి.

గానుగపెనం:
అంటే మాది వాక్యం కాదా? నా మొదటి కథ ఒక పెద్దాయన దిద్ది, సంగటిని అన్నం ముద్ద చేసినాడు. అచ్చయినాక మా అమ్మకు చదివి వినిపిస్తే "ఇది ఎవురి కథ నాయనా?" అనింది. ఆ పొద్దు నుంచి ఎవురి చేతా దిద్దించుకోలా. పెద్దరికం వేరే చోట చూపించండి సార్.

తిరుచానూరు అక్క:
మీ కొట్లాటలో పిల్లోడి ముగింపు గాలికి పోయింది. చిన్నోడా, నేను ప్రతి కథ చివరా ఒక పేరా నీతి రాసేదాన్ని. ఇప్పుడు ఆఖరి పేరా కొట్టేసి చూస్తా. చాలాసార్లు కథ దానికి ముందే అయిపోయుంటుంది. మొదలూ అంతే. తెల్లారడం, కోడి కూయడం, ఊరి వర్ణనతో రెండు పేజీలు నింపినా ఒకసారి. మూడో పేజీలో వడ్డీ ఆయన గడప ముందర నిలబడినాడు. ఆ కాడి నుంచే మొదలుపెట్టినా, కథ లేచి కూర్చునింది.

రేణిగుంట జంక్షన్:
అనూ ఫాంటులో టైపు కొట్టి పంపితే ఆ ఫాంటు లేనోళ్లకు పిచ్చి అక్షరాలు కనపడతాయి. యూనికోడ్‌లో కొట్టు. ఫోన్‌కి నోటితో చెప్పి టైపు చేయించొద్దు, నా కథలో 'యాడికి'ని 'వేడికి' చేసింది.

గానుగపెనం:
చూడండి, ఫోన్ గూడా మాష్టారి పక్షమే!

చంద్రగిరి చిన్నోడు:
అక్కా, రెండు పేజీలు తీసేసినా. ఇప్పుడు జేజి ఒడిలో గుప్పెడు కాయలు దాచుకోని, మేస్త్రీ ముందర పైట సర్దుకునే కాడ మొదలైతుంది. అవి మా నాయన కోసం తెచ్చేది. సెనిక్కాయ అట్లే పెట్టినా. కలంపేరు సంగతి ఎవురూ చెప్పలేదే?