జీతం లేకుండా పొలం పని, తిండీ పడకా ఉచితం: ఇది నేర్చుకోవడమా, వెట్టిచాకిరీనా?

టమాటా_బండి:
బెంగళూరులో నాలుగేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి మొన్న మానేశాను. ఐదు నెలలు దేశం తిరగాలని ఉంది. హోటళ్లలో దిగే స్తోమత లేదు, అందుకే వూఫింగ్ పద్ధతిలో వెళ్దామనుకుంటున్నా. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: సేంద్రియ పొలం ఉన్నవాళ్లు మనకు అన్నం పెట్టి పడుకోవడానికి చోటిస్తారు, మనం రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు వాళ్ల పొలంలో పనిచేస్తాం. ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వరు. 1971లో లండన్‌లో స్యూ కొప్పార్డ్ అనే ఒక సెక్రటరీ, వారాంతంలో ఊరి బయటి గాలి పీల్చుకుందామని కొంతమందిని ససెక్స్‌లోని ఒక కాలేజీ పొలానికి తీసుకెళ్లింది. అదే పెరిగి దేశదేశాలకూ పాకింది. మన దేశంలో కూడా సభ్యత్వం కట్టి చేరొచ్చు.

నా దారి: ముందు ఆరోవిల్, తర్వాత వయనాడ్, అక్కణ్ణుంచి ఉత్తరాఖండ్, చివర్లో సిక్కిం.

ఇంట్లో చెప్పాను. మాది మదనపల్లె వైపు, నాన్న వేరుశనగ, టమాటా వేస్తాడు. ఆయన అన్నది యథాతథంగా: "మన చేలో కలుపు తియ్యరా అంటే నడుం నొప్పంటివే. ఊరోళ్ల చేలో తీసేదానికి రైలెక్కి పోతావా? అదీ కూలి లేకుండా?"

నవ్వేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. మీరేమంటారు?

మెట్టచేను:
మీ నాన్నకు నా ఓటు తమ్ముడూ. మాది అనంతపురం జిల్లా, ఏడెకరాల మెట్ట. నడుం నొప్పి సంగతి అటుంచు, కూలి సంగతి చూద్దాం. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. బయట కలుపుకు పిలిస్తే అంతకన్నా ఎక్కువే అడుగుతారు, ఇవ్వాల్సిందే. సేంద్రియంలో గడ్డిమందు కొట్టరు కాబట్టి ఖర్చులో పెద్ద వాటా కలుపుదే. ఆ పనిని నీలాంటి చదువుకున్న పిల్లలు సరదాగా, ఊరికే చేసి పెడితే ఆ ఊళ్లో కూలికి వచ్చే ఆడవాళ్ల సంగతేంటి? వాళ్లకు పోయిన రోజులు ఎవరిస్తారు?

పైగా ఆ పంటను 'సేంద్రియం' అని రెట్టింపు ధరకు పట్నంలో అమ్ముతారు. అది మాత్రం సరదాకు ఇవ్వరు!

చట్టం_పుస్తకం:
రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అంది. కొరడా పట్టుకుని నిలబడితేనే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పులోని అసలు మాట. ఆ లెక్కన తిండీ పడకా మాత్రమే ఇచ్చి ఆరు గంటలు పని చేయించుకోవడం ఎందులోకి వస్తుందో మీరే చెప్పండి.

రైలుబండి:
సార్, తీర్పు సరిగ్గానే చెప్పారు, వర్తింపజేసిన చోటే తప్పు. ఆకలి బలవంతం చేసింది అన్నారు కదా, ఈ కుర్రాడిని ఏ ఆకలి బలవంతం చేస్తోంది? జేబులో తిరుగు టికెట్టు, బ్యాంకులో నాలుగేళ్ల జీతం మిగులు. నచ్చకపోతే రేపు పొద్దున్నే సంచి సర్దుకుంటాడు. అలా పోలేనివాడి కష్టాన్ని వెట్టి అంటాం. ఈ ట్రిప్పుకు ఆ పేరు పెట్టడం నిజంగా వెట్టి చేసినవాళ్లను తక్కువ చేసినట్టే.

నేను రెండేళ్ల కింద ఇలాగే తిరిగాను, మొత్తం నాలుగు పొలాలు. రెండు బాగున్నాయి. ఒకటి పర్వాలేదు. ఒకటి గురించి అడక్కండి.

మామిడితోపు:
ఇక్కడ అందరూ వచ్చేవాళ్ల వైపు నుంచి, కూలీల వైపు నుంచి మాట్లాడుతున్నారు. పెట్టేవాడి మాట కూడా వినండి. నూజివీడు దగ్గర మాకు తోట ఉంది, మూడేళ్లుగా వలంటీర్లను రానిస్తున్నాం.

పోయిన ఏడాది తొలకరిలో ఇద్దరు వచ్చారు, మంచి పిల్లలు. మొక్కల మధ్య ఖాళీలో పెసర వేసి అందులో కంది సాళ్లు పెట్టాను. కలుపు తీయమని చూపించి పది గంటలకు బ్యాంకు పనిమీద ఊళ్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రెండు సాళ్ల కంది లేదు. గట్టు మీద కుప్ప పోసి, చాలా శుభ్రంగా తీశాం అంకుల్ అని నవ్వుతూ చూపించారు. ఏం తిడతాం?

సేంద్రియ పొలాల్లో నేలకు పోసే జీవామృతం సంగతి కూడా చెప్పాలి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడన పెట్టి పూటకోసారి కర్రతో తిప్పాలి. ఇందులో కష్టమేముంది అనుకుంటారు. ఒకబ్బాయి మూత బిగించి ఎండలో పెట్టాడు. రెండో రోజుకు డ్రమ్ము ఎలా ఉందో, తోట ఎంత దూరం వరకు వాసన కొట్టిందో రాస్తే మీరు భోజనం చేయలేరు.

మొదటి వారం వలంటీరు వల్ల నాకు నష్టమే. రెండో వారం సరికి సరి. మూడో వారంలో పని వస్తుంది, అప్పటికి వాళ్లు వెళ్లిపోతారు! కూలీలను మానిపించి వీళ్లతో సేద్యం చేసేవాడు ఎవడైనా ఉంటే వాడికి దండం.

పగటివేషం:
తీసేసిన కంది పేరిట రెండు నిమిషాలు మౌనం.

మెట్టచేను:
మామిడితోపు గారూ, నవ్వించారు. కానీ ఒక మాట. నష్టమే అయితే మూడేళ్లుగా ఎందుకు రానిస్తున్నారు?

కొండగాలి:
నేను ఆడపిల్లని కాబట్టి వేరే సంగతి చెప్తాను, దీన్ని మగవాళ్లు మర్చిపోతారు.

ఒక కొండ రాష్ట్రంలో, పేరు రాయను, పండ్ల తోట అని చేరాను. పన్నెండు రోజులున్నాను. పన్నెండు రోజుల్లో నేను మట్టి ముట్టుకుంది ఎంతసేపో తెలుసా? తులసి కుండీకి నీళ్లు పోసినంతసేపు. అసలక్కడ నడిచేది హోమ్‌స్టే. డబ్బు కట్టి దిగినవాళ్ల దుప్పట్లు ఉతకడం, వాళ్లకు పరోటాలు అందించడం, గదులు తుడవడం నా పని. తోట వెనకాల ఉంది, నిజమే. దాన్ని అతిథులకు చూపించే పని కూడా నాదే. "మా వలంటీర్" అని పరిచయం చేసేవారు, నేను నవ్వాలి. నా గదికి లోపలి గడియ సరిగా పడేది కాదు. కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను.

కాబట్టి వెట్టా కాదా అని రాజ్యాంగం తీసేముందు ఇవి అడగండి: ఇంట్లో ఆడవాళ్లు ఉంటారా, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడొచ్చా, గదికి లోపలి గడియ ఉందా, బాత్రూమ్ ఇంట్లోనా తోటలోనా, ఇంతకుముందు వచ్చివెళ్లిన ఇద్దరి నంబర్లు ఇస్తారా. నంబర్లు ఇవ్వడానికి నసిగితే ఆ ఊరు వద్దు. తర్వాత వెళ్లిన రెండు చోట్లా ఇవన్నీ అడిగాకే వెళ్లాను, ఏ ఇబ్బందీ లేదు.

జొన్నరొట్టె:
అన్నీ బాగనే ఉన్నయ్ గానీ, గంత దూరం ఎందుకు? మా జహీరాబాద్ దిక్కు రా తమ్మీ. పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. ఆ సంఘాల ఆడోళ్లు, చానమంది దళితులే, ఒక్క చేన్ల జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు అన్ని కలిపి పండిస్తరు. విత్తనం బయట కొనరు, ఇండ్లల్లనే దాచుకుంటరు. 2008 నుంచి వాళ్లకు సొంత రేడియో ఉంది. మీ జిల్లాలకు దగ్గర కావాల్నంటే చెన్నేకొత్తపల్లి కాడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ఉండనే ఉంది, 1990 సంది పనిచేస్తున్నరు. ఇంటి ముంగట గింత పెట్టుకొని సిక్కిం పోతనంటవేంది?

రైలుబండి:
అన్నా, ఇవి తప్పకుండా చూడాల్సిన చోట్లే. కానీ దూరం వెళ్తే ఏం వస్తుందో చెప్తాను.

ఉత్తరాఖండ్‌లో తెహ్రీ వైపు 'బారానాజా' అని పాత పద్ధతి ఉంది, అంటే పన్నెండు గింజలు. రాగి, రాజ్మా, మినుము, ఉలవ, తోటకూర గింజ, ఇలా అన్నీ ఒకే చేలో. విజయ్ జర్ధారీ అనే రైతూ ఆయన తోటివాళ్లూ 'బీజ్ బచావో ఆందోళన్' పేరుతో ఆ విత్తనాలు కాపాడుకొచ్చారు. ఆ చేను చూడగానే నాకు మా నాయనమ్మ పప్పుధాన్యాల డబ్బాలు గుర్తొచ్చాయి. జొన్నరొట్టె అన్న చెప్పిన ఆడవాళ్లూ వీళ్లూ ఒకర్నొకరు చూసి ఉండరు, పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. ఇంట్లో కూర్చుంటే నాకు ఇది తట్టేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు పొలాల్లో తిరిగాక నా మనసులో ముల్లులా మిగిలింది ఒకటే. నాకు పని నేర్పింది ఎవరు? ఓనరు కాదు. ఆయన మంచివాడే, సాయంత్రం టీ తాగుతూ మట్టి గురించి, ప్రకృతి సేద్యం చేసిన జపాన్ రైతు ఫుకుఓకా గురించి చక్కగా మాట్లాడేవాడు. పొద్దున్న చేలో నా పక్కన కూర్చుని ఇది తీయి, ఇది ఉంచు అని చేయి పట్టి చూపించింది మాత్రం అక్కడ కూలికి వచ్చే ఒక పెద్దావిడ. నాకు వచ్చిన హిందీ ఆమెకు నవ్వు తెప్పించేది. అక్కడ తోటకూర పంట, నేను దాన్ని కలుపనుకున్నాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని మళ్లీ నాటింది. నాకు నేర్పుతున్నంతసేపూ ఆమె సాలు వెనకబడేది. అది పూర్తి చేయడానికి ఆమె అరగంట ఎక్కువ ఉండేది. ఆ అరగంటకు ఆమెకు ఏమీ రాలేదు.

పని నేను ఇచ్చాను, ఓనరు అన్నం పెట్టాడు, మా ఇద్దరి లెక్క సరిపోయింది. చదువు చెప్పినావిడ ఈ లెక్కలో ఎక్కడా లేదు. మీరంతా నాకు జీతం ఇవ్వాలా వద్దా అని వాదిస్తున్నారు. నాకు అక్కర్లేదు సార్. ఆమెకు ఇవ్వాలి.

చట్టం_పుస్తకం:
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

మామిడితోపు:
పొద్దున చదివి కోపం వచ్చింది. జవాబు రాసి చెరిపేశాను. మా దగ్గరా అంతే జరుగుతోంది. కలుపు నేను చూపించానని పైన రాశాను చూడండి, నిజానికి నేను చూపించింది ఐదు నిమిషాలు. మిగతా రోజుల్లో చూపించేది మా దగ్గర పదేళ్లుగా పనిచేసే ఆమే. కంది పోయిన రోజు ఆమె పెళ్లికి వెళ్లింది, అందుకే కంది పోయింది.

మెట్టచేను గారు ఎందుకు రానిస్తున్నారని అడిగారు. పిల్లలు హైదరాబాద్‌లో, ఇంట్లో మేమిద్దరమే. రాత్రి భోజనం దగ్గర ఎవరో ఒకరు మాట్లాడుతుంటే బాగుంటుంది. అంతే. ఇంకే కారణం లేదు.

మెట్టచేను:
ఇంక మిమ్మల్ని ఏమీ అనను.

కానీ తమ్ముడూ, ఒకటి అడిగి పో. ఆ పొలం నిజంగా సేంద్రియమేనా? బోర్డు పెట్టినోళ్లందరూ కాదు. రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని హామీ ఇచ్చే పీజీఎస్ గుంపులో ఉన్నారా, లేక ఎగుమతి సర్టిఫికెట్ ఉందా అడుగు. సర్టిఫికెట్‌కు ఏడాది పంటలైతే రెండేళ్లు, తోటలైతే మూడేళ్లు మార్పిడి కాలం ఉంటుంది. కాగితం లేని మంచి రైతులూ ఉన్నారు, నేనే ఒకణ్ణి. అప్పుడు పశువుల కొట్టం ఎక్కడ, పేడ ఎక్కడ్నుంచి వస్తుంది అని అడిగితే చాలు. తడబడితే తెలిసిపోతుంది. సిక్కింలో ఈ బాధ తక్కువ, 2016 జనవరిలో రాష్ట్రం మొత్తాన్ని సేంద్రియమని ప్రకటించారు.

పగటివేషం:
ఆరోవిల్‌లో సాధనా ఫారెస్ట్‌కు వెళ్లేట్టయితే ఒక హెచ్చరిక. అది పొలం కన్నా అడవి, 2003 నుంచి ఎండిన నేలలో చెట్లు పెంచుతున్నారు. అక్కడ తిండి పూర్తిగా వీగన్. అంటే పెరుగు ఉండదు. మళ్లీ చెప్తున్నా, రాయలసీమ బిడ్డా, పెరుగు ఉండదు.

టమాటా_బండి:
అందరికీ థాంక్స్. రెండు వారాలు కనిపించలేదు, కారణం ఉంది.

నాన్నతో పందెం కాశాను, పది రోజులు మన చేలోనే చేస్తానని. మొదటి రోజు పదిన్నరకే గట్టెక్కి కూర్చున్నాను. నాలుగో రోజుకు మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. మా చేలోకి కలుపుకు వచ్చే అత్త ఒకామె, చిన్నప్పట్నుంచి చూస్తున్న మనిషి, "అట్ల గుంజితే వేరు నేలలోనే ఉంటాదబ్బీ, మెడ పట్టుకోవాల" అని చూపించింది. రైలుబండి అన్న పోస్టు చదివాక గమనిస్తే ఆమె సాలు కూడా వెనకబడింది. సాయంత్రం ఆమెతోపాటు ఉండి ఆ సాలు నేనూ తీశాను. డబ్బిస్తానంటే తిట్టింది.

తొమ్మిది పొలాలకు మెసేజ్ పెట్టాను. అందులో ఒకే ప్రశ్న మార్చి మార్చి అడిగాను: నాకు పని నేర్పేది ఎవరు, వాళ్లకు ఆ టైముకు ఏమిస్తారు? నలుగురు జవాబివ్వలేదు. ముగ్గురు "మా దగ్గర అందరూ ఒకే కుటుంబం" అన్నారు. ఒకాయన ఈ ప్రశ్న ఎవరూ అడగలేదని, ఆలోచించి చెప్తానని రాశాడు. వయనాడ్‌లో ఒకామె మాత్రం మొదటి వారం నేర్పే మనిషికి అరపూట కూలి విడిగా ఇస్తామని, ఆ వారం నా భోజనం ఖర్చు నేనే పెట్టుకోవాలని రాసింది. అక్కడికి వెళ్తున్నా. లోపలి గడియ ఉందట, కొండగాలి గారూ, మగవాణ్ణయినా అడిగాను.

సిక్కిం సంగతి తర్వాత. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ నిన్న కొడవలికి సాన పట్టించుకొచ్చి నా సంచి పక్కన పెట్టాడు. రైల్లో కొడవలి తీసుకెళ్లనిస్తారా ఎవరికైనా తెలుసా?

రైలుబండి:
కొడవలి వద్దు, అక్కడే ఇస్తారు. టార్చిలైట్ పట్టుకెళ్లు. జలగలుంటాయి, ఉప్పు కూడా పెట్టుకో.