సీఎన్‌జీ ఆటోలో ఫోన్ ఛార్జింగ్ సాకెట్: లైను ఎక్కడి నుంచి తీసుకోవాలి?

నున్న_రోడ్డు_ఆటో:

అందరికీ నమస్తే. సీఎన్‌జీ ఆటో, వెనక ఇంజను, 12 వోల్టుల బ్యాటరీ. పొద్దున్నించి రాత్రి దాకా ఫోన్లో మ్యాపు, బుకింగ్ యాప్ నడుస్తూనే ఉంటాయి. డ్యాష్‌బోర్డు కింద సిగరెట్ లైటర్ సాకెట్ ఒకటి ఉంది. హెడ్‌లైటు వైరును మధ్యలో గీకి, దానికి ఇంకో సన్న వైరు మెలిపెట్టి, టేపు చుట్టి ఇచ్చిన లైను అది. ఫ్యూజు లేదు. ముందు ఒక యాంప్ ఛార్జర్ ఉండేది. ఛార్జింగ్ గుర్తు పడేది గానీ శాతం పెరిగేది కాదు. రెండు పోర్టుల 36 వాట్ల ఛార్జర్ పెట్టాక పెరుగుతోంది, కానీ సాకెట్ లోపల ప్లాస్టిక్ మెత్తబడి కాలిన వాసన వస్తోంది. అంతా తీసేసి కొత్తగా వేద్దామనుకుంటున్నా. లైను ఎక్కడ తీసుకోవాలి, ఏ సైజు వైరు, ఎంత ఫ్యూజు వెయ్యాలి? వెనక ప్యాసింజర్లకు కూడా ఒక పోర్టు ఇవ్వాలని ఉంది, బ్యాటరీ తట్టుకుంటుందా?

కీ_ఆన్_పన్నెండు:

అన్నా, కొత్తది వేసేదాకా ఆ సాకెట్ వాడకండి. ఆ టేపు జాయింటు ఇవాళే విడదీయండి. గ్యాస్ బండిలో ఫ్యూజు లేని వైరు ఒక్క రోజు కూడా ఉండకూడదు.

ఒక యాంప్ ఛార్జర్‌తో ఎందుకు పెరగలేదంటే, దాని నుంచి వచ్చేది 5 వాట్లే. ఎండలో స్క్రీన్ వెలుగు పూర్తిగా పెట్టి, జీపీఎస్, డేటా నడిపితే ఫోనే సుమారు 3 నుంచి 5 వాట్లు తినేస్తుంది. ఇక బ్యాటరీలోకి ఏం పోతుంది? మీకు 18 వాట్ల పోర్టు కావాలి, అందులో తప్పు లేదు.

ప్లాస్టిక్ కరగడానికి కారణం లైటర్ సాకెట్ తీరు. లోపల పిన్ను స్ప్రింగు ఒత్తిడి మీదే ఆధారపడి అంటుకుని ఉంటుంది. సింగిల్ సిలిండర్ ఇంజను వణుకుడుకు ప్లగ్గు కొంచెం కొంచెంగా బయటికి జారుతుంది, ఆ తాకిడి వదులవుతుంది. 36 వాట్లు పూర్తిగా లాగితే 12 వోల్టుల వైపు దాదాపు 3 యాంప్‌లు పోతాయి. వదులైన చోట అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి, నాలుగున్నర వాట్ల వేడి గోరంత చోట పుడుతుంది. ప్లాస్టిక్ కరగకుండా ఎట్లా ఉంటుంది? అందుకే లైటర్ సాకెట్, దాంట్లో గుచ్చే ఛార్జర్ రెండూ వదిలెయ్యండి. డ్యాష్‌లో బిగించే యూఎస్‌బీ సాకెట్ కొనండి. వెనక రెండు చదును పిన్నులు, ముందు రబ్బరు మూత ఉంటాయి, 12-24 వోల్టుల ఇన్‌పుట్ అని రాసి ఉంటుంది. బండి రెగ్యులేటరు చెడిపోయి వోల్టేజి 15, 16 దాకా ఎగబాకినా 24 దాకా తట్టుకునేది కాలిపోదు.

లైను హెడ్‌లైటు నుంచి వద్దు, హారన్ నుంచి వద్దు, తాళం వైరు నుంచి నేరుగా అసలే వద్దు. ఆ వైర్లు వాటి లోడు వరకే లెక్కగట్టి వేసినవి. హెడ్‌లైటు వేసినప్పుడు ఛార్జింగ్ ఆగి ఆగి రావడం అక్కడి నుంచే మొదలవుతుంది. కరెంటు బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో రావాలి, తాళం రిలేను (చిన్న కరెంటుతో పెద్ద లైనును కలిపే, తెంచే స్విచ్చు) ఆన్ చేస్తే చాలు.

కావలసినవి: 1.5 స్క్వేర్ మిల్లీమీటర్ల ఆటో వైరు ఎరుపు, నలుపు (బ్యాటరీ నుంచి డ్యాష్ దాకా వైరు వెళ్ళే దారిలో తాడు పెట్టి కొలిచి, అర మీటరు ఎక్కువ కొనండి), నీళ్ళు దూరని మూత ఉన్న బ్లేడ్ ఫ్యూజు హోల్డరు, 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే, దాని బేసు, బ్యాటరీకి రింగు లగ్గులు (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొనలు), పిన్నులకు స్లీవు ఉన్న లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవు, ముడతల పైపు, కేబుల్ టైలు, రేకు రంధ్రాలకు రబ్బరు గ్రోమెట్లు.

బండి ఆపి, సిలిండరు వాల్వు మూసి, బయట గాలి ఆడే చోట పని పెట్టుకోండి. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వే. బిగించేటప్పుడు వరుస తిరగబడుతుంది, నెగటివ్ అన్నిటికంటే చివర.

ఫ్యూజు హోల్డరు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరం లోపే ఉండాలి. చాలామంది దాన్ని డ్యాష్ దగ్గర పెడతారు, చూసుకోవడానికి సులువని. అప్పుడు బ్యాటరీ నుంచి డ్యాష్ దాకా ఉన్న వైరంతా రక్షణ లేకుండా ఉంటుంది. రేకు అంచు దాన్ని కోస్తే ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు, వైరు మొత్తం ఎర్రగా కాలుతుంది.

రిలే డ్యాష్ లోపల, పొడిగా ఉండే చోట, పిన్నులు కిందికి చూసేలా బిగించండి. నీళ్ళు పడ్డా నిలవవు. రిలే పిన్నుల మీద నంబర్లు ఉంటాయి: 30కి ఫ్యూజు నుంచి వచ్చిన ఎర్ర వైరు. 87 నుంచి సాకెట్ పాజిటివ్‌కు. 85 నెగటివ్‌కు. 86కి తాళం తిప్పి ఆన్ చేస్తే వచ్చి, తీస్తే పోయే లైను. దాన్ని టెస్ట్ ల్యాంపుతో వెతకండి, ఫ్యూజు తర్వాతి వైపు నుంచే తీసుకోండి. రిలే కాయిల్ లాగేది 0.15 నుంచి 0.2 యాంప్ మాత్రమే, ఆ లైను మీద భారం ఉండదు. ఒక్క జాగ్రత్త: లోపల డయోడు ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేస్తే తాళం ఆన్ చెయ్యగానే ఆ లైను ఫ్యూజు పోతుంది. రిలే మీద బొమ్మ వేసి ఉంటుంది, చూసుకోండి.

నెగటివ్ కోసం డ్యాష్‌లో ఏదో ఒక బోల్టు కింద వైరు తొక్కిపెట్టకండి. రంగు, తుప్పు మధ్యలో అడ్డుపడతాయి. నల్ల వైరు కూడా బ్యాటరీ దాకా తీసుకెళ్ళండి. మీటరుకు పదుల్లో ఖర్చు, దాంతో సగం తలనొప్పులు ఉండవు.

నున్న_రోడ్డు_ఆటో:

చాలా థ్యాంక్స్ అన్నా. ఫ్యూజు ఎంత అని చెప్పలేదు. జాయింట్లు టంకం పెట్టించాలా, లగ్గు నొక్కితే చాలా?

కీ_ఆన్_పన్నెండు:

ముందు సాకెట్ 36 వాట్లు, వెనక 18 వాట్లు, మొత్తం 54. ఛార్జర్‌లో కొంత వేడికి పోతుంది కాబట్టి బ్యాటరీ వైపు 63, 64 వాట్లు అనుకోండి. 12తో భాగిస్తే 5.3 యాంప్‌లు. 7.5 యాంప్ ఫ్యూజు, బ్రౌన్ రంగుది. ముందు సాకెట్ ఒక్కటే అయితే 5 చాలు, అది లేత గోధుమ రంగు. ఫ్యూజు పోయిందని 15 పెట్టడం, తీగ చుట్టడం చెయ్యొద్దు. పోయిందంటే ఎక్కడో తగులుతోంది, అది వెతకాలి.

టంకం వద్దు. టంకం వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, అది ఆగిన చోటే వణుకుడుకు వైరు విరుగుతుంది. పైకి ఇన్సులేషన్ బాగానే కనిపిస్తుంది, లోపల తెగి ఉంటుంది. క్రింపింగ్ ప్లయర్‌తో లగ్గు నొక్కి, గట్టిగా లాగి చూసి, పైన స్లీవు వేడిచెయ్యండి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు ఆరు నెలలకు ఊడుతుంది.

మీటరు_పెట్టి_చూడు:

బ్యాటరీ తట్టుకుంటుందా అన్న ప్రశ్నకు జవాబు మీ బండే చెబుతుంది. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టండి. ఇంజను ఆపి కొంతసేపు వదిలేశాక 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజను కొంచెం రేజ్ చేస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. తర్వాత హెడ్‌లైటు, వైపరు వేసి ఐడ్లింగ్‌లో చూడండి. 13 దాటి ఉంటే ఈ సాకెట్లు ఏ ఇబ్బందీ పెట్టవు. 12.5కి పడిపోతోందంటే రాత్రిపూట సిగ్నళ్ళ దగ్గర మీ బండి ఇప్పటికే బ్యాటరీని తింటోంది. ముందు ఛార్జింగ్ కాయిల్, రెగ్యులేటరు చూపించుకోండి, సాకెట్ తర్వాత.

తాళం తీస్తే లైను పోవాలని పైన చెప్పారు, దాని విలువ లెక్కలో చూడండి. లైను ఎప్పుడూ ఉండేలా కలిపితే, వోల్టేజి చూపించే డిస్‌ప్లే ఉన్న సాకెట్లు ఫోన్ పెట్టకపోయినా 15 మిల్లీ యాంప్‌ల దాకా లాగుతూ ఉంటాయి. రోజుకు 0.36 యాంపవర్ (యాంప్-అవర్, అంటే ఒక యాంప్ గంటసేపు లాగితే పోయేది). ఊరికి పోయి బండి నెల రోజులు నిలబెడితే దాదాపు 11 యాంపవర్ పోయినట్టే. స్టాండులో తాళం తీసి రెండు ఫోన్లు మూడు గంటలు పెడితే ఆరు, ఏడు యాంపవర్ పోతుంది, అది ఇంకా తొందర.

సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక క్షణం ఛార్జింగ్ ఆగి మళ్ళీ వస్తుంది. అది తప్పు కాదు, సెల్ఫ్ లాగినప్పుడు వోల్టేజి 10 దగ్గరికి పడుతుంది.

వానాకాలం_వైరింగ్:

సాకెట్ పెట్టే చోటు గురించి ఎవరూ చెప్పలేదు. డ్యాష్ పై భాగంలో, ఆకాశం చూసేలా ఎప్పుడూ పెట్టకండి. ఆటోకు పక్కలు తెరిచే ఉంటాయి, వాన జల్లు సూటిగా అక్కడికే వస్తుంది. మూత ఉన్నా, కేబుల్ పెట్టి ఉన్నంతసేపు అది తెరిచే ఉంటుంది కదా. డ్యాష్ నిలువు ముఖం మీద, వీలైతే కొంచెం కిందికి వంగిన చోట పెట్టండి. కేబుల్ సాకెట్ నుంచి కిందికి ఒక వంపు తిరిగి పైకి ఫోన్ హోల్డరుకు వెళ్ళేలా చూడండి. కేబుల్ వెంబడి జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

రంధ్రం 29 మిల్లీమీటర్లు, హోల్‌సాతో (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కొట్టాలి. కొట్టే ముందు డ్యాష్ వెనక చెయ్యి పెట్టి తడిమి చూడండి, వైర్ల కట్ట గానీ కేబుళ్ళు గానీ ఉంటాయి. హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, ఏదీ కొత్త వైరుకు రాసుకోవడం లేదని చూశాకే కేబుల్ టైలు బిగించండి. వైరును గ్యాస్ పైపుకు కట్టొద్దు. పైపు దారి వేరు, వైరు దారి వేరు. సైలెన్సరు వైపు నుంచి కూడా తీసుకెళ్ళొద్దు. రేకులోంచి దూరిన ప్రతి చోటా గ్రోమెట్ ఉండాలి, పైన ముడతల పైపు ఉన్నా సరే.

వెనక పోర్టు సీటు కింద, కాళ్ళ దగ్గర వద్దు. తడిసిన గొడుగులు అక్కడే పెడతారు, పిల్లలు వేళ్ళు పెడతారు. డ్రైవర్ సీటు వెనక అడ్డ మీద, కూర్చున్నవాళ్ళ మోకాలి కంటే పైన పెట్టండి. దానికి 87 నుంచి విడి వైరు, మధ్యలో విడిగా 3 యాంప్ ఫ్యూజు. ఎవరైనా అందులో ఏదైనా గుచ్చి షార్ట్ చేస్తే వెనకదే పోతుంది, మీ మ్యాపు ఆగదు.

ఖమ్మం_ఈ_ఆటో:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది లెడ్ యాసిడ్ ఈ-ఆటో, 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరసగా కలిపి 48 వోల్టులు. వాటిలో ఒక బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసుకోవచ్చంటున్నారు. నిజమేనా?

మీటరు_పెట్టి_చూడు:

సాకెట్ పనిచేస్తుంది, బ్యాటరీ చస్తుంది. నాలుగూ ఒకే గొలుసులో ఉన్నాయి, మీరు ఒక్కదాని నుంచే అదనంగా తోడుతున్నారు. రాత్రి ఛార్జర్ మొత్తం వోల్టేజి చూసి ఆగుతుంది, ఏ బ్యాటరీ ఎంత నిండిందో దానికి తెలియదు. తోడిన బ్యాటరీ సగం ఆకలితోనే ఉండిపోతుంది, మిగతా మూడూ అవసరానికి మించి ఛార్జ్ అయి నీళ్ళు ఎండిపోతాయి. కొన్ని నెలల్లో సెట్టు మొత్తం మార్చాలి.

మీ బండిలో హారన్, ఇండికేటర్ల కోసం 48 నుంచి 12కి దించే కన్వర్టరు ఉండే ఉంటుంది. దాని మీద ఎన్ని యాంప్‌లో రాసి ఉంటుంది. లైట్ల లోడు తీసేస్తే 4 యాంప్‌లు మిగులుతుంటే దాని 12 వోల్టుల వైపు నుంచి ఫ్యూజుతో తీసుకోండి. మిగలకపోతే వేరే కన్వర్టరు పెట్టండి, ఇన్‌పుట్ 36-72 వోల్టులు అని ఉన్నది. 48 అని పేరే గానీ ఛార్జింగ్‌లో 58 దగ్గరికి పోతుంది, సరిగ్గా 48కి చేసిన చౌకరకం కాలిపోతుంది. కన్వర్టరు ఇన్‌పుట్ వైపు కూడా ఫ్యూజు ఉండాలి, అది డీసీ 60 వోల్టులకు పైన తట్టుకునేది. కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజు చాలావరకు 32 వోల్టులదే. 58 వోల్టుల దగ్గర అది కాలినా లోపల మంట లాగి ఆరకపోవచ్చు. లిథియం ప్యాకు ఉన్న బండి అయితే ప్యాకు మూత తియ్యొద్దు, కంపెనీ ఇచ్చిన 12 వోల్టుల లైనే వాడండి.

నున్న_రోడ్డు_ఆటో:

వేయించాను. ఇంజను ఆన్‌లో రెండు ఫోన్లు పెట్టి కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.9, సాకెట్ పిన్నుల దగ్గర 13.6. ఈ తేడా పర్వాలేదా? ఇంకో సంగతి, మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మళ్ళీ నెమ్మదిగా ఎక్కుతోంది, సాయంత్రం బాగానే ఉంటోంది.

కీ_ఆన్_పన్నెండు:

0.3 తేడా మంచిదే. అర వోల్టు దాటితే ఎక్కడో లగ్గు వదులని అర్థం. పావుగంట అట్లాగే లోడులో ఉంచి ఫ్యూజు హోల్డరు, రిలే బేసు పిన్నులు, సాకెట్ వెనక లగ్గులు ఒక్కొక్కటి వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు తియ్యాలనిపిస్తే ఆ లగ్గు మళ్ళీ నొక్కాలి.

మధ్యాహ్నం నెమ్మది సాకెట్ తప్పు కాదు. అద్దం వెనక ఎండలో ఫోన్ వేడెక్కి, తన బ్యాటరీని కాపాడుకోవడానికి ఛార్జింగ్ తనే తగ్గించుకుంటుంది. హోల్డరును డ్యాష్ నీడలోకి, అద్దానికి జానెడు వెనక్కి జరపండి, ఫోన్ వెనక కవరు తియ్యండి. అప్పటికీ అట్లాగే ఉంటే కేబుల్ మార్చి చూడండి, మీటరు లోపు పొడవున్న 3 యాంప్‌ల కేబుల్.