టెక్సస్‌లో చేతులు మారే గన్‌కి కూడా చెకింగ్ ఉండాలా?

నైట్‌షిఫ్ట్_నాని:
నిన్న పాట్‌లక్‌లో ఈ విషయం మీదే గొడవైంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. షాపులో గన్ కొంటే ఫారం 4473 నింపాలి, ఎఫ్‌బీఐ వాళ్ల నిక్స్‌లో, అంటే గన్ కొనకూడనివాళ్లని పట్టుకునే చెకింగ్ సిస్టంలో, మన పేరు చూస్తారు. అదే పక్కింటాయన తన గన్ అమ్మితే ఏమీ లేదు, డబ్బులిచ్చి తెచ్చుకోవడమే. కాలిఫోర్నియాలో అయితే అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ డీలర్ దగ్గరికి వెళ్లి తీరాలి. ఇక్కడా అలా పెట్టాలంటారా?

స్టోర్_బాబాయ్:
వద్దు. ఉన్న చెకింగ్‌తోనే మనలాంటివాళ్లు ఏడుస్తున్నారు. పదకొండేళ్లుగా గ్యాస్ స్టేషన్ నడుపుతున్నా. రెండుసార్లు నా నుదుటికి గన్ పెట్టారు. రెండోసారి అయ్యాక మంచి పిస్టల్ కొందామని వెళితే కంప్యూటర్‌లో ‘డిలే’ అని వచ్చింది. నా పేరే ఉన్నవాడు ఇంకెవడో ఉన్నాడట. నా పేరున్నవాళ్లు మా మండలంలోనే పదిమంది ఉంటారు! లైన్లో వెనకున్నవాళ్లంతా నన్నే చూశారు. పాతది అప్పటికే ఇచ్చేశా, మూడు రాత్రులు ఉత్త చేతులతో కౌంటర్‌లో నిలబడ్డా. దొంగకి ఎవడు ఫారం ఇచ్చాడు?

ఫ్రిస్కో_పిన్ని:
అయ్యో, జాగ్రత్త అన్నయ్యా.

ఓడరేవు:
బాబాయ్, మీరు పడ్డ ఇబ్బంది నిజమే. కానీ ఆ మూడు రోజుల రూలు మీ వైపే ఉంది. మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ ఏదీ తేల్చకపోతే షాపువాడు గన్ ఇచ్చేయొచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిదిమందిని చంపినవాడికి గన్ అందింది ఆ సందులోనుంచే.
అసలు ప్రశ్నకి వస్తా. 2019 ఆగస్టు 31న మన టెక్సస్‌లోనే, ఒడెస్సా, మిడ్‌లాండ్ రోడ్ల మీద ఒకడు కాల్చుకుంటూ పోయాడు. ఏడుగురు పోయారు. వాడు 2014లో షాపుకి వెళితే చెకింగ్‌లో ఆగిపోయాడు. తర్వాత ప్రైవేటుగా ఒకడి దగ్గర రైఫిల్ కొనుక్కున్నాడు. ముందు తలుపు మూసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు లేదూ?

కందిపొడి:
హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అసలు గన్ కొనొచ్చా?

రూల్‌బుక్:
మామూలుగా కొనకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. ఎఫ్1 వాళ్లకీ అంతే. కానీ ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ తంటా లేదు.

కందిపొడి:
వేట లైసెన్సా! కోడిని కోయమంటే పక్కింటివాణ్ణి పిలిచే జాతి మనది.

నైట్‌షిఫ్ట్_నాని:
నవ్వకండి. ఎమ్మెస్ చేసేటప్పుడు మా రూమ్మేట్ అలాగే ఒకటి కొన్నాడు. ఒక్కరోజూ వేటకి వెళ్లలేదు. వీకెండ్ పార్టీల్లో బయటికి తీసి ఫొటోలు దిగేవాడు. లోడ్ అయి ఉందో లేదో వాడికే తెలియదు. నేను సెమిస్టర్ మధ్యలో ఇల్లు మారిపోయా, డిపాజిట్ కూడా పోయింది.

రూల్‌బుక్:
అది చెకింగ్ సమస్య కాదు, బుద్ధి సమస్య. పైగా ప్రశ్న ప్రైవేటు అమ్మకాల గురించి.

కందిపొడి:
సరే, ఆ లైసెన్సు గడువు అయిపోతే గన్ ఏం చేయాలి?

స్టోర్_బాబాయ్:
ఓడరేవు గారూ, మీరు ఒడెస్సా చెప్పారు, నేను డాలస్ దగ్గరి ఆలెన్ చెబుతా. 2023 మే 6, అవుట్‌లెట్ మాల్. ఎనిమిదిమంది పోయారు, అందులో మన హైదరాబాదు అమ్మాయి కూడా ఉంది. వాడి గన్లన్నీ చట్టప్రకారం కొన్నవే అని అధికారులే చెప్పారు. మానసిక స్థితి బాగాలేదని 2008లో ఆర్మీ వాళ్లు పంపించేసిన మనిషి! ఏం పట్టుకుంది మీ చట్టం? ఏసీ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని నీతులు చెప్పడం తేలిక. రాత్రి రెండింటికి నా కౌంటర్‌లో నిలబడండి ఒకసారి.

ఓడరేవు:
ఆ రోజు మేం ఆ మాల్ పార్కింగ్‌లోనే ఉన్నాం. మా బాబుని కారు కింద పడుకోబెట్టి మీద నేను పడుకున్నా. ఏసీ గది కాదు.
చట్టం వాణ్ణి పట్టుకోలేదు, నిజమే. అందుకని ఉన్నదీ తీసేద్దామా?

స్టోర్_బాబాయ్:
తెలియక అన్నాను, మన్నించండి. తీసేయమని నేననలేదు. నన్ను మాత్రం దొంగలా చూడొద్దంటున్నా. పదకొండేళ్లు పన్ను కట్టినా ఒక పేరు కలిస్తే చాలు, అనుమానం నా మీదే.

రూల్‌బుక్:
ఎఫ్‌బీఐకి అప్లై చేసి యూపిన్ నంబర్ (మీరు వేరే మనిషని గుర్తుపట్టే నంబర్) తెచ్చుకోండి, పేరు తకరారు తీరుతుంది. లేదా వేలిముద్రలిచ్చి టెక్సస్ ఎల్‌టీసీ (గన్ వెంట ఉంచుకునే లైసెన్సు) తీసుకోండి, షాపులో మళ్లీ నిక్స్ చూడరు.

స్టోర్_బాబాయ్:
ఇన్నేళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. థాంక్స్.

ఓడరేవు:
బాబాయ్, ఒక్క మాట. ‘పాతది అప్పటికే ఇచ్చేశా’ అన్నారు. ఎవరికిచ్చారు?

స్టోర్_బాబాయ్:
ఒకతనికి.

ఓడరేవు:
తెలిసినతనేనా?

స్టోర్_బాబాయ్:
ఆన్‌లైన్‌లో పెడితే వచ్చాడు. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు చూశా, ఇక్కడివాడే. పికప్ వెనక సీట్లో పిల్లల కారు సీటు ఉంది, సంసారే అనుకున్నా. క్యాష్ ఇచ్చాడు. ఇందులో తప్పేం లేదు, కొనకూడనివాడని తెలిసో, అలా అనుకోడానికి తగిన కారణం ఉండో అమ్మితేనే నేరం.

రూల్‌బుక్:
చట్టప్రకారం కరెక్టే.

ఓడరేవు:
నేను తప్పనలేదు. మీ పేరు మూడు రోజులు చూశారని బాధపడ్డారు. అతని పేరు ఎవరైనా చూశారా అని అడుగుతున్నా, అంతే.

ఫ్రిస్కో_పిన్ని:
ఇక వదిలేయండి ఇద్దరూ.

కందిపొడి:
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

స్టోర్_బాబాయ్:
షాపు మూసి ఇప్పుడే వచ్చా. పాత డైరీ తిరగేశా. పిస్టల్ సీరియల్ నంబర్ రాసుకున్నా, రేటు రాసుకున్నా. అతని పేరు మాత్రం రాసుకోలేదు. ఓడరేవు గారూ, బాబు ఇప్పుడెలా ఉన్నాడు?